చెట్టు పనిలోకి దిగుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు గోదాం ఉద్యోగం మానేసి చెట్ల పనిలోకి దిగుతున్నావని, ఇద్దరు దోస్తులను కలుపుకుని కటింగ్ మిషన్ కూడా కొన్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. హైదరాబాద్‌లో చెట్లు కొట్టేవాళ్ళకు కొదవ లేదు, చెట్టును చూసి పని చేసేవాళ్ళే దొరకరు, నువ్వు ఆ రెండో రకం కావాలని ఇదంతా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు కాబట్టి రాయడమే మేలు. నీ దోస్తులకు కూడా చదివి వినిపించు, ముఖ్యంగా కరెంటు గురించి రాసింది.

డబ్బు దగ్గర మొదలుపెడతాను. నీకు వచ్చే బేరాల్లో చాలావాటిలో ఇంటివాళ్ళు "కొమ్మలు కొట్టి కట్టె మీరే తీసుకుపోండి, కూలి మాత్రం అడగొద్దు" అంటారు. కొత్తలో పని దొరికితే చాలనిపిస్తుంది, అయినా ఒప్పుకోకు. కూలి కట్టెలో ఉంటే నీకు తెలియకుండానే నీ చెయ్యి లావు కొమ్మ మీదికి పోతుంది. ఇంటివాళ్ళ ఇబ్బంది డాబా మీదికి వాలిన రెండు సన్న కొమ్మలతో, నీకు ట్రాలీ కిరాయి గిట్టేది మాత్రం లావు మొద్దులతో. పొద్దుగూకేసరికి మొద్దులు ట్రాలీలో ఉంటాయి, చెట్టు మోడై మిగులుతుంది. మన వీధుల్లో చెట్లు పాడవడానికి ఈ బేరమే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. అందుకని కూలి వేరుగా, కట్టె వేరుగా మాట్లాడు. ఏ కొమ్మ తీస్తావో, ఎక్కడిదాకా తీస్తావో కింద నిలబడి చూపించు, ఫోటో తీసి దాని మీద గీత గీసి వాట్సాప్‌లో పంపించు, "ఇంకా కొట్టాల్సింది కదా" అనే తగవు తర్వాత రాదు. రాలిన ఆకు, పుల్లలు ఎవరు ఎత్తాలో కూడా ముందే తేల్చుకో, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

"ఎలాగూ ఎక్కారు కదా, పైనంతా కొట్టేయండి, రెండేళ్ళు మళ్ళీ చూడక్కర్లేదు" అనేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ళకు ఓపిగ్గా చెప్పాలి. చెట్టుకు అన్నం వండేది ఆకే. ఆకంతా పోతే చెట్టు దాచుకున్న బలమంతా ఖర్చుపెట్టి గుత్తులుగా పిలకలు వేస్తుంది, అవి లోపలి కట్టెతో కలిసి పెరిగినవి కావు, బెరడు కింద పైపైన అతుక్కుని ఉంటాయి. రెండు మూడేళ్ళకు చేతి లావు అయ్యాక వేసవిలో ఈదురుగాలి లేస్తే మొదలంటా ఊడి ఏ కారు మీదో, ఏ మనిషి మీదో పడతాయి. అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఎండకు మాడి పగులుతుంది, ఆ పగుల్లోకి పురుగు చేరుతుంది. ఒకసారికి ఆకులో పావు వంతుకు మించి తీయకు, ముసలి చెట్టుకైతే అంతకన్నా తక్కువే. ఎండినవి, విరిగి వేలాడుతున్నవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి ముందు తీసి, కిందికి దిగి ఒకసారి చూడు. చాలాసార్లు పని అక్కడికే సరిపోతుంది.

కోత ఎక్కడ పెట్టాలన్నది మిషన్ కొన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. కొమ్మ కాండంలో కలిసే చోట చుట్టూ కాస్త ఉబ్బి, ముడతలు పడి ఉంటుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆ ఉబ్బును తాకకుండా దాని బయట కొయ్యాలి. మనవాళ్ళు నున్నగా కనిపించాలని కాండానికి సాపుగా కోసేస్తారు, లేదంటే మూరెడు మోడు వదిలేస్తారు, రెండూ చెడ్డవే. అమెరికాలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోసి లోపల చూసి చెప్పిందేమిటంటే, మన ఒంటి మీద గాయం మానినట్టు చెట్టు గాయం మానదు, పాడైన చోటును చెట్టు చుట్టూ గోడ కట్టి లోపలే మూసేస్తుంది, దాని మీద కొత్త కట్టె పెంచుకుంటుంది. ఆ పని బాగా జరగాలంటే ఉబ్బు మిగలాలి. లావు కొమ్మకు మూడు కోతలు పెట్టు. కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు దాకా ఒకటి, దానికి రెండు మూడు అంగుళాలు అవతల పై నుంచి ఇంకోటి, బరువంతా దిగిపోయాక మిగిలిన ముక్కను ఉబ్బు బయట తీసేయడం మూడోది. కింది కోత లేకుండా పై నుంచి కోస్తే కొమ్మ పడుతూ పడుతూ బెరడును కాండం మీద బారెడు చీల్చుకుపోతుంది, ఆ చీలిక చెట్టుకు జన్మంతా ఉంటుంది.

కోత మీద తారు, పెయింటు పూయమంటారు. వద్దు, లోపల తేమ నిలిచి కుళ్ళుకు వీలవుతుంది. తొర్రలో సిమెంటు కూరడం అంతకన్నా చెడ్డ పని. మామిడి, బత్తాయి తోటలకు వెళ్ళినప్పుడు ఉద్యాన శాఖవాళ్ళు బోర్డో పేస్టు చెబుతారు, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళు, అది శిలీంధ్రానికి మందు, తోటలో పూయమంటే పుయ్యి. ఇనుప బకెట్‌లో మాత్రం కలపకు.

ఇప్పుడు ఎక్కే ముందు సంగతి. చెట్టు దగ్గరికి వెళ్ళగానే మిషన్ స్టార్ట్ చేయకు, చుట్టూ రెండుసార్లు తిరుగు. మొదట్లో పుట్టగొడుగులు, గట్టి చెక్కలాంటి శిలీంధ్రాలు ఉన్నాయా చూడు, ఉంటే లోపల కుళ్ళు ఉన్నట్టే. సుత్తితో కాండం మీద కొట్టి విను, డొల్ల శబ్దం తెలిసిపోతుంది. ఒక పక్క నేల పైకి లేచి పగుళ్ళు కనిపిస్తే ఆ చెట్టు ఎక్కనే ఎక్కకు, క్రేన్ ఉన్నవాళ్ళను పిలవమని చెప్పి వచ్చేయి. తేనెతుట్టె ఉందేమో, ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్ళు కట్టాయేమో, పక్షి గూడు ఉందేమో చూడు. పెద్ద తేనెతుట్టె ఉంటే ఆ రోజు పని వాయిదా వేసి తేనె తీసేవాళ్ళను పిలిపించు, పొగ పెట్టి తరిమేద్దామనుకోవద్దు. గూట్లో పిల్లలుంటే అవి ఎగిరేదాకా ఆగమని ఇంటివాళ్ళను అడుగు, అడిగితే ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ. ఏ కట్టె ఎలాంటిదో తెలియాలి. చింత కొమ్మ బరువు మోస్తుంది. మునగ, నేరేడు, బూరుగ నమ్మదగినవి కావు. తురాయి పచ్చగా పూలతో ఉండి కూడా విరుగుతుంది.

ఎండిందని చెప్పి పిలిస్తే నమ్మేయకు. 2021లో తెలంగాణలో వేప చెట్లు కొసల నుంచి మాడుతూ వచ్చాయి గుర్తుందా, డైబ్యాక్ అనే శిలీంధ్రం తెగులు. జనం భయపడి చాలా చెట్లు కొట్టించారు, ఆగిన చోట చాలా వేపలు మళ్ళీ చిగురు పెట్టాయి. గోటితో గానీ కత్తి మొనతో గానీ కొమ్మ బెరడు కొంచెం గీరు, కింద పచ్చగా తడిగా ఉంటే అది బతికే ఉంది. ఆ మాట చెప్పి, ఎండిన కొసలు మాత్రం తీసి వచ్చేయి. నీకు ఆ రోజు డబ్బు తగ్గుతుంది, ఆ ఇంటివాళ్ళు మాత్రం ఇంకో పదిమందికి నీ నంబర్ ఇస్తారు.

చెట్టును బతికించడం కూడా ఈ పనే అల్లుడూ. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందు నీళ్ళలో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు, వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. కదిరి దగ్గర దాదాపు 5 ఎకరాలు పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను దగ్గర లేత ఊడలను వెదురు బొంగుల్లోంచి నేలదాకా దించుతారు, అవి నాటుకుని కొమ్మను మోస్తాయి. వీలు చూసుకుని రెండూ చూసి రా, మీ ముగ్గురూ కలిసి వెళ్ళండి.

కరెంటు గురించి. తీగ దగ్గర కొమ్మ ఉంటే ఎల్‌సీ, అంటే కరెంటువాళ్ళు లైన్ ఆపి ఇచ్చే లైన్ క్లియర్, తీసుకోకుండా చెయ్యి పెట్టకు. "పొద్దున కరెంటు పోయింది, ఇప్పుడప్పుడే రాదు" అని ఇంటాయన చెప్పేది ఎల్‌సీ కాదు. లైన్‌మన్ వచ్చి, లైన్ ఆపి, తీగలో కరెంటు వస్తే నేలలోకి దించే ఎర్తింగ్ రాడ్ వేసి, నీకు నోటితో చెప్పాలి, నువ్వు దిగి మనుషులందరూ పక్కకు వచ్చాక నువ్వు చెబితేనే తిరిగి ఇవ్వాలి. లైన్ ఆపినా పక్క వీధిలో ఎవరి జనరేటరో సరిగ్గా బిగించకపోతే తీగలోకి వెనక్కి కరెంటు వస్తుంది, రాడ్ వేయమనేది అందుకే. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగను తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా లాగేస్తుంది. పచ్చి కొమ్మలో, తడి వెదురులో కరెంటు పారుతుంది. అల్యూమినియం నిచ్చెన మన పనికి వద్దే వద్దు. తీగ మీద కొమ్మ పడి ఉంటే కరెంటువాళ్ళ నంబర్ 1912కి ఫోన్ చేసి దూరంగా నిలబడండి, ఇంటివాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే.

తాళ్ళ సంగతికి వస్తే, మన తాత కల్లు గీసేవాళ్ళ మోకు ముస్తాదుతో, అంటే నడుము తాడుతో, పనిముట్లతో తాటిచెట్లు ఎక్కినవాడే, కానీ తాడిచెట్టుకు కొమ్మలు ఉండవు. కొమ్మల చెట్టులో మోకు విప్పి కొమ్మ దాటించే క్షణమే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నడుముకు రెండో తాడు ఉండాలి, ఒకటి కట్టాకే ఇంకోటి విప్పాలి. మిషన్‌తో కోసేటప్పుడు రెండూ కట్టి ఉండాలి, ఒకటి లోపల స్టీలు వైరు ఉన్నదైతే మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో బెల్టు, తాళ్ళ కిట్లు ఇస్తోంది, ఊళ్ళో తీసుకున్నవాళ్ళ దగ్గర ఎలా వాడాలో కూర్చుని నేర్చుకో. పైవాడు స్పృహ తప్పి బెల్టులో వేలాడితే నిమిషాల్లో దించాలి, కింద తాడు పట్టేవాడికి కూడా ఎక్కడం రావాలి. తాడు పట్టినవాడు ఫోన్ చూడకూడదు, ఇదొక్కటి గట్టిగా పెట్టుకో.

మిషన్ రెండు చేతులతోనే పట్టు, భుజం పైకి ఎత్తి కోయకు, నిచ్చెన మీద నిలబడి అసలే కోయకు. బార్, అంటే చైన్ తిరిగే పట్టీ, దాని కొస పై భాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది, చూసి తప్పుకునే టైమ్ ఉండదు. హెల్మెట్, కళ్ళద్దాలు, బూట్లు ముగ్గురికీ కొను. చైన్ మొండిగా ఉంటే మనం నొక్కుతాం, నొక్కితేనే జారుతుంది, కాబట్టి రోజూ సాయంత్రం ఆకురాయితో పళ్ళు సానపెట్టాకే అన్నం తిను.

తుఫాను తర్వాత పిలుపులు ఎక్కువ వస్తాయి, డబ్బూ బాగా ఇస్తారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో వేల చెట్లు కూలాయి, ఏ ఊళ్ళో అలా జరిగినా కొత్తవాళ్ళు మిషన్లు పట్టుకుని బయలుదేరతారు. పడిన చెట్టు నిలబడిన చెట్టు కన్నా ప్రమాదం. వంగి బిగిసి ఉన్న కొమ్మను లాగుడు ఉన్న వైపు, అంటే వంపు బయటి వైపు నుంచి కోస్తే చాచి కొడుతుంది. నొక్కుడు ఉన్న లోపలి వైపు ముందు కొంచెం కోసి, తర్వాత రెండో వైపు నెమ్మదిగా కొయ్యి. కాండం కోయగానే వేర్ల దిమ్మ వెనక్కి లేచి గుంటలో కూర్చుంటుంది, ఆ గుంట పక్కన ఎవరినీ నిలబడనివ్వకు. మొదటి ఏడాది ఇలాంటి పనికి వెళ్ళకపోతేనే నాకు ఇష్టం.

చట్టం సంగతి చిన్నదే. కొమ్మలు కొట్టడం వేరు, చెట్టు కొట్టేయడం వేరు. నీళ్ళు, నేల, చెట్లను కాపాడే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం పెరటి చెట్టు కొట్టేయాలన్నా అనుమతి కావాలి, కాగితం చూడకుండా మొదలు మీద మిషన్ పెట్టకు. వెళ్ళిన ఇంట్లో కాండం చుట్టూ సిమెంటు బిగించి ఉంటే తీయించమని చెప్పు, 2013లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్లకు చుట్టూ ఒక మీటరు వదలమని ఆదేశించింది, మన ఊరి చెట్టుకూ ఊపిరి అలాగే కావాలి. మేకులు, కట్టిన తీగలు కనిపిస్తే అడక్కుండానే పీకేయి.

ఎండాకాలం ఆరింటికల్లా చెట్టు కింద ఉండండి, పదిన్నరకు పైపని అయిపోవాలి, తర్వాత కింద ముక్కలు కొట్టుకోవడం, ఎత్తుకోవడం. వానాకాలం బెరడు ఆరేదాకా ఎక్కొద్దు. గాలి లేస్తే దిగిపోండి.

ముగ్గురూ బ్యాంకుకు వెళ్ళి ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించుకోండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. మే నెలాఖరులో ఖాతాలోంచి కట్ అవుతుంది, అప్పటికి డబ్బు ఉండేలా చూసుకోండి. వచ్చే ఆదివారం ముగ్గురూ ఇంటికి రండి, మన వీధి చివర వేపకు ఎండు కొమ్మలు ఉన్నాయి, మూడు కోతలు దాని మీద చూపిస్తాను. దగ్గరున్న తాళ్ళన్నీ పట్టుకురా, ఏవి వాడాలో, ఏవి పారేయాలో చూసి చెబుతాను.

మీ మామ