ఇంట్లో దుమ్మును ల్యాబ్‌కు పంపాలా?

ప్రశ్న: మా పాపకు 11 నెలలు. రోజంతా నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకుంటుంది. మా పాత సోఫా చిరిగి ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది. మంటలు అంటుకోకుండా ఫోమ్‌లో కలిపే రసాయనాలు దుమ్ములో చేరి పిల్లలకు హాని చేస్తాయని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. దుమ్మును పరీక్ష చేయించాలా? పాపకు రక్తపరీక్ష అవసరమా?
– ఒక తల్లి

జవాబు: రెండూ అక్కర్లేదమ్మా. అలాగని మీ భయం ఉత్తదేమీ కాదు. ఫ్లేమ్ రిటార్డెంట్లు అనే ఈ రసాయనాల్లో చాలావాటిని ఫోమ్‌లో, ప్లాస్టిక్‌లో ఊరికే కలుపుతారు. గట్టిగా అతుక్కుని ఉండవు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ బయటికొచ్చి దుమ్ములో చేరతాయి. పాత టీవీల వెనక డబ్బాల్లోనూ ఇవి ఉంటాయి. వీటిలో పీబీడీఈలు అనే రకం నిర్మాణంలో థైరాయిడ్ హార్మోన్‌ను పోలి ఉంటుంది. కడుపులో ఉండగా వీటి ప్రభావం ఎక్కువగా పడిన పిల్లల్లో ఐక్యూ కొంత తగ్గినట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. ఏళ్ల తరబడి నశించని హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం (స్టాక్‌హోమ్ ఒప్పందం) జాబితాలో పీబీడీఈల్లోని పెంటా, ఆక్టా రకాలను 2009లో, డెకా రకాన్ని 2017లో చేర్చారు. మీ సోఫా పాతది కాబట్టి ఇవి ఉండే అవకాశం ఉంది.

మరి పరీక్ష ఎందుకు వద్దంటున్నాను? కొలవడం కష్టమని కాదు. దుమ్మును జల్లించి, ద్రావకంతో రసాయనాలను వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గ్రాముకు ఇన్ని నానోగ్రాములని చెప్పేస్తారు. వందల ఇళ్లను పోల్చే పరిశోధకులకు అది పనికొస్తుంది. మీకు మాత్రం ఒక అంకె చేతికొస్తుంది, అంతే. ఇది దాటితే జబ్బు వస్తుందని ఏ డాక్టరూ గీత గీసి చెప్పలేడు. పైగా సోఫా కింద దుమ్ముకూ గుమ్మం దగ్గర దుమ్ముకూ అంకె మారిపోతుంది. రక్తపరీక్షదీ అదే కథ. ఎంత ఉందో తేలినా తీసేసే మందు లేదు, పాపకు సూది పోటే మిగులుతుంది.

ఆ డబ్బుతో సోఫా మార్చండి. బయటికి తీసేటప్పుడు పాప ఆ గదిలో ఉండకూడదు. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. తినిపించే ముందు పాప చేతులు, మీ చేతులు సబ్బుతో కడగండి. తల్లిపాలలోనూ ఇవి ఉంటాయని ఎక్కడైనా చదివి పాలు మాన్పించేరు! ఉండే మాట నిజమే, కానీ పాల వల్ల కలిగే మేలు అంతకన్నా ఎక్కువ.

సోఫా మార్చేదాకా చిరుగును గట్టి గుడ్డతో కుట్టేయండి, ఈరోజే. రసాయనాల సంగతి తర్వాత, ముందు ఆ ఫోమ్ ముక్క పాప గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.