జాతక కథలతో పిల్లలకు నీతి వంటబడుతుందా? నా క్లాసు అనుభవం

నాలుగు నుంచి ఏడో తరగతి దాకా వాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్‌లో జాతక కథలు (బుద్ధుడు తన పూర్వజన్మల గురించి చెప్పినట్టు వచ్చే కథలు) చెప్దామనుకుంటున్నాను, పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా, విని మర్చిపోతారా అని అడిగారు. నేర్చుకుంటారు, కాకపోతే కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగే అలవాటు మీరు మానుకోవాలి. అది అడిగారంటే "ఐకమత్యమే మహాబలం టీచర్" అని అందరూ ఒక్క గొంతుతో అరిచి, బెల్ కొట్టగానే వెనక బెంచీ కోసం కొట్టుకుంటారు. ఏళ్లుగా ఈ వయసు పిల్లలకే ఈ కథలు చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నేను చేసేదల్లా ఒకటే. కథలో ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట ఆపేస్తాను. శీలవీమంసన జాతకమే తీసుకోండి. కాశీలో ఒక గురువు, ఆయన దగ్గర 500 మంది శిష్యులు. కూతుర్ని మంచి నడవడిక ఉన్నవాడికే ఇవ్వాలని ఆయన కోరిక. అందుకని శిష్యుల్ని పిలిచి, పెళ్లికి బట్టలూ నగలూ కావాలి, మీ మీ ఇళ్లలోంచి ఎవరి కంటా పడకుండా దొంగిలించి తెండి, ఎవరైనా చూశారంటే అది నేను తీసుకోను అంటాడు. అందరూ తెస్తారు, ఒక్కడు మాత్రం ఉత్త చేతులతో వస్తాడు. ఇక్కడ ఆపి, వాడెందుకు తేలేదో చెప్పండి అంటాను. భయపడ్డాడని ఒకరు, వాళ్లింట్లో నగలే లేవేమోనని ఒకరు, దేవుడు చూస్తాడనుకున్నాడని ఇంకొకరు. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "గురువు చెప్పిన మాట వినకపోవడం తప్పు కాదా మరి?" అంది. ఆ పీరియడ్ అంతా దాని మీదే గడిచిపోయింది, పెద్దవాళ్లు తప్పు పని చెబితే చేయాలా వద్దా అని. నేను పాఠంగా చెప్పి ఉంటే ఐదు నిమిషాలు కూడా కూర్చుని వినేవాళ్లు కాదు. ఆ శిష్యుడి జవాబు మర్నాడు చెప్పాను: ఎవరూ లేని చోటు అంటూ లేదు, ఎవరూ లేరనుకున్న చోట నేనైతే ఉన్నాను కదా అంటాడు వాడు. అప్పటికి వాళ్లే సగం దాకా వచ్చేశారు.

నందివిశాల జాతకం అయితే ఏ తరగతిలో చెప్పినా పండుతుంది. తక్షశిలలో ఒక బ్రాహ్మణుడు తన ఎద్దు నూరు బళ్లను వరసగా కట్టినా లాగేస్తుందని వెయ్యి నాణేల పందెం కాస్తాడు. తీరా లాగే సమయానికి "ఒరే కపటీ, లాగరా" అని తిడతాడు. నేను కపటినా అని ఎద్దు నాలుగు కాళ్లూ స్తంభాల్లా బిగించి నిలబడిపోతుంది, పందెం పోతుంది. ఇంటికొచ్చి దిగులుగా పడుకున్న యజమానిని ఎద్దే అడుగుతుంది: ఇన్నాళ్లలో నీ ఇంట్లో ఒక్క కుండ పగలగొట్టానా, ఎవర్నైనా తొక్కానా, చోటు కాని చోట పేడ వేశానా, మరి నన్నెందుకు అలా అన్నావు? పేడ దగ్గర క్లాసంతా పగలబడి నవ్వుతుంది, నవ్వనివ్వండి, ఆ నవ్వులోనే ఆ మాట ఎంత అన్యాయమో ఎక్కుతుంది. తర్వాత మంచి మాటతో పిలిస్తే ఎద్దు లాగుతుంది, రెండు వేల పందెం గెలుస్తారు. పందెం కాయడం మాత్రం మంచిదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న, దాటవేయకండి.

ఇంకో సంగతి. పాళీ భాషలో ఉన్న పాత జాతక సంకలనంలోని 547 కథల్లో ప్రతిదానికీ ముందు ఒక వర్తమాన కథ ఉంటుంది, అంటే ఇప్పుడు ఏదో జరిగింది కాబట్టి బుద్ధుడు పాత కథ ఎత్తుకుంటాడు. నందివిశాలుడి కథకు కారణం తోటి భిక్షువులను నోటికొచ్చినట్టు తిట్టిన ఆరుగురు భిక్షువులు. టీచర్లకు ఇంతకంటే మంచి పద్ధతి దొరకదు. క్లాసులో మారుపేర్లు పెట్టి ఏడిపించుకోవడం ఎక్కువైనప్పుడు ఈ కథ తీయండి. కాకపోతే అదే రోజు వద్దు, నాలుగు రోజులు ఆగండి, తిట్టినవాడి వైపు చూస్తూ అస్సలు చెప్పకండి. వాడికి అర్థమవుతుంది లెండి.

వలను అందరూ కలిసి ఎత్తుకుపోయే పిట్టల కథ (సమ్మోదమాన జాతకం) అందరికీ తెలిసిందే. నీ తల తొక్కానని, నా తల తొక్కావని అవి పోట్లాడుకోవడం మొదలవగానే బోధిసత్త్వుడైన (అంటే పూర్వజన్మలో బుద్ధుడైన) పిట్ట తన వాళ్లను తీసుకుని వెళ్లిపోతుందన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. నాయకుడు అలా వదిలేసి పోవచ్చా అని అడిగి చూడండి, ఆరో తరగతి రెండుగా చీలిపోతుంది.

అన్ని కథలూ పనికిరావు, ఇది గట్టిగా చెబుతున్నాను. వెస్సంతర జాతకంలో రాజు కన్నబిడ్డల్నే దానం ఇచ్చేస్తాడు, చిన్న పిల్లలకు అది త్యాగంలా అనిపించదు, భయం వేస్తుంది. కుందేలు తనను తాను ఆహారంగా ఇవ్వడానికి నిప్పుల్లో దూకే కథ కూడా నాలుగో తరగతికి నేను చెప్పను. ఆడవాళ్లను హీనంగా చూపించే కథలైతే ఇత్థి వగ్గమనే భాగం నిండా ఉన్నాయి. ముందు మీరు చదువుకుని ఏరుకోండి. మార్చి చెబితే తప్పేమోనని టెన్షన్ పడక్కర్లేదు, మూలంగా లెక్కపెట్టేది గాథలనే, అంటే కథల్లోని పద్యాలనే, వచనమంతా వ్యాఖ్యానంలోది. ఒకే కథను వందల ఏళ్లుగా భార్హుత్ బౌద్ధ స్తూపంలో రాతి మీద ఒకలా, అజంతా గోడల మీద ఇంకోలా చెబుతూనే వచ్చారు.

మతం నేర్పుతున్నారా అని తల్లిదండ్రులు అడిగితే పుస్తకం వాళ్ల చేతికిచ్చేయండి. మాట్లాడే తాబేలు, కొంగ-పీత లాంటివి పంచతంత్రంలోనూ ఉన్నాయి, వాళ్లు చిన్నప్పుడు విన్నవే. కథ చివర "అప్పటి ఎద్దును నేనే" అని బుద్ధుడు అనే ముక్క వస్తుంది, నేను దాన్ని దాచను, అలా నమ్మి చెప్పారని చెప్పి ముందుకెళ్తాను.

ఏడో తరగతికి వచ్చేసరికి జంతువుల కథలంటే చిన్నపిల్లలవని మొహం తిప్పుకుంటారు. వాళ్లకు రాహులుడి సంగతి చెప్పండి. బుద్ధుడు తన కొడుకుకి పాత్రలో అడుగున మిగిలిన కొద్ది నీళ్లు చూపించి, తెలిసి తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని వాడిలో మంచి ఇంతే ఉంటుందంటాడు. ఆ నీళ్లు పారబోస్తాడు, పాత్ర బోర్లిస్తాడు, మళ్లీ తిప్పి ఖాళీగా చూపిస్తాడు, నవ్వులాటకైనా అబద్ధం వద్దంటాడు. ఊరికే జోక్ చేశాను టీచర్ అనేవాళ్లు ఇక్కడ తల దించుకుంటారు. తర్వాత అద్దం ఎందుకని అడిగి, చూసుకోవడానికి అని కొడుకు అనగానే, ఏ పనైనా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక అలాగే చూసుకోవాలి, అది నీకుగానీ ఇతరులకుగానీ హాని చేస్తుందా అని, అంటాడు. క్లాసులో నిజంగా ఒక గిన్నె, నీళ్లు పెట్టుకుని చేసి చూపించండి, ఖర్చు లేదు, పది నిమిషాల పని. నేను చూసినంతలో మిగతా కథలన్నిటికంటే ఎక్కువ రోజులు గుర్తుంచుకునేది ఇదే. మొదలుపెట్టేటప్పుడు వారానికి ఒక్క కథ చాలు, రెండు చెబితే మొదటిదాని మీద వాదన పూర్తవదు.