రెసిపీ సంగతి వదిలేయండి, ఆ ఫొటో ఎవరిది?

ప్రశ్న: మాది కర్నూలు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నల్లద్రాక్ష, పుదీనా, వైట్ రమ్‌తో ఇంట్లో నేను చేసిన కాక్‌టెయిల్ ఫొటోనీ, తయారీ విధానాన్నీ ఇంగ్లీషులో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. రెండున్నరేళ్ల కిందట ఒక రెస్టారెంట్‌కు వెళ్తే మెనూలో నా డ్రింక్, నా ఫొటో, నా మాటలే కనిపించాయి. అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు. రెసిపీ దొంగతనం కింద కేసు వేయొచ్చా? ఫొటో తీసింది మా మరిది. పాత తేదీ వేసి అతనితో హక్కులు రాయించుకోమని, ఈలోగా ఆ డ్రింక్‌ను సీసాల్లో పోసి మా అపార్ట్‌మెంట్‌లో అమ్ముకోమని తెలిసినవాళ్లు అంటున్నారు.

జవాబు: రెసిపీ మీద కేసు నిలబడదు. రమ్, పుదీనా, నిమ్మరసం, చక్కెర, సోడా కలిస్తే అది క్యూబా వాళ్ల మోజిటో. మీరు అందులో గుప్పెడు బెంగళూరు బ్లూ ద్రాక్ష నలిపి వేశారు. రుచి బాగుండొచ్చు. కానీ ఏది ఎంత కలపాలన్న ఆలోచనకు కాపీరైట్ రాదు. పదార్థాలను ఊరికే కలిపితే వచ్చేదానికి పేటెంట్ చట్టం, 1970లోని సెక్షన్ 3(ఇ) ప్రకారం పేటెంటూ రాదు.

మీ కేసును తేల్చేది మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన సంగతి: ఫొటో మరిది తీశాడు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషి. డ్రింక్ మీరు కలిపినా, గ్లాసు మీదైనా, అకౌంట్ మీదైనా హక్కు మీకు రాదు. డబ్బిచ్చి తీయించుకుని ఉంటే లెక్క వేరు. ఇంట్లో సరదాగా తీసిన ఫొటోకు డబ్బు మాటెక్కడిది? అందుకని మీరొక్కరే దావా వేస్తే ఫొటో ఎవరిదన్న ప్రశ్న అవతలి వకీలు మొదటి రోజే వేస్తాడు.

తయారీ గురించి రాసిన వాక్యాలు మాత్రం మీవే. కొలతల జాబితాను ఎవరైనా వాడుకోవచ్చు. పుదీనాను చితక్కొట్టకుండా అరచేతిలో ఒక్కసారి చరిచి వేయాలని మీరు చెప్పిన తీరు, ఆ మాటల కూర్పు మీ సొంతం. మీరు పంపిన మీ పోస్టునూ, మెనూ ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూశాను. పుదీనాకు ఇంగ్లీషు స్పెల్లింగులో మీరొక అక్షరం ఎక్కువ రాశారు, మెనూలోనూ అదే తప్పు ఉంది. ఫొటోలో గ్లాసు వెనక మీ బాల్కనీ గ్రిల్లుకు కట్టిన ఎర్ర తాడు కనిపిస్తోంది, మెనూలోనూ ఉంది. పది మంది సాక్షుల కంటే ఈ రెండూ గట్టివి.

ఇంత బలమైన ఆధారం పెట్టుకుని ఇన్నాళ్లూ ఊరుకోవడం మీ తప్పేనమ్మా. కాపీరైట్ ఉల్లంఘనకు నష్టపరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు, ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 ఏళ్లు. మెనూ మళ్లీ అచ్చు వేస్తే అది కొత్త ఉల్లంఘన అవుతుంది గానీ, పాతదాని మీద పరిహారం మాత్రం ఆరు నెలల్లో చేజారుతుంది. అదీ మీరు చూసిన రోజు నుంచి లెక్కేస్తే. మెనూ అంతకుముందే అచ్చయి ఉంటే ఇంకా తక్కువే. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు, ఇది గుర్తుంచుకోండి.

పాత తేదీతో కాగితం మాత్రం చచ్చినా రాయించుకోవద్దు. స్టాంపు పేపరు ఎప్పుడు కొన్నదీ తెలిసిపోతుంది. అది ఫోర్జరీ. గెలవాల్సిన కేసు పోవడమే కాదు, మీరూ మీ మరిదీ ముద్దాయిలవుతారు. సీసాల్లో పోసి అమ్మడమూ అంతే. మీ ఇంట్లో మీరు కలుపుకుని తాగడం వేరు, గ్లాసుకు ఇంతని డబ్బు తీసుకోవడం వేరు. లైసెన్సు లేకుండా అమ్మితే కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 కింద నేరం. వాట్సాప్ మెసేజీ, యూపీఐ చెల్లింపు చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దారి సులువైనదే ఉంది. ఇవాళ్టి తేదీతోనే మరిది మీకు ఫొటో హక్కులు రాసిచ్చి సంతకం చేయాలి. ఏ ఫొటో, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం అనుకుంటుంది. ఇప్పటిదాకా జరిగిన ఉల్లంఘనల మీద దావా వేసే హక్కు కూడా ఇస్తున్నట్టు విడిగా రాయించండి. అయినా దావాలో మరిదిని కూడా వాదిగా చేర్చడమే క్షేమం. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదని టెన్షన్ పడొద్దు, అది తప్పనిసరి కాదు.

ఈ వారంలోనే ఎవరినైనా ఆ రెస్టారెంట్‌కు పంపి అదే డ్రింక్ ఆర్డర్ చేయించండి. బిల్లూ మెనూ కలిసి కనపడేలా ఫొటో తీయించండి. మీరు పంపిన మెనూ ఫొటోలో తేదీ లేదు, చోటు లేదు, అది ఎక్కడిదైనా కావచ్చు.

ఫోన్‌లో చోటు లేదని అసలు ఫొటో డిలీట్ చేశానని రాశారు. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో తీసిన తేదీ, కెమెరా వివరాలు మిగలవు. మరిది పాత ఫోన్ ఇంకా బీరువాలో ఉందన్నారు కదా, ఈ రోజే ఛార్జింగ్ పెట్టి చూడండి. ఫొటో అందులో ఉంటే దాన్ని ఎడిట్ చేయొద్దు, పేరు మార్చొద్దు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్‌తో దాన్ని కోర్టులో దాఖలు చేయాలి. అందులో ఒక భాగంలో మీ తరఫువారు, రెండో భాగంలో నిపుణుడు సంతకం చేస్తారు. కేసు తేలేదాకా ఆ ఫోన్‌ను ఎక్స్‌చేంజ్‌కు ఇవ్వకండి.