బీడీల వల్లే అంటున్నాడు ప్లేటింగ్ షాపు ఓనరు, పరిహారం వస్తుందా?

సందేహం: మాది విజయవాడ. మా ఆయనకు 40 ఏళ్లు. ఆటోనగర్‌లో ఒక క్రోమ్ ప్లేటింగ్ షెడ్డులో 14 ఏళ్లు పనిచేశారు. మొత్తం ఆరుగురు పనివాళ్లు. నెలకు 16 వేలు చేతికిచ్చేవారు. దగ్గు, ఆయాసంతో 2025 జూన్‌లో పని మానేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఓనరేమో బీడీలు తాగి తెచ్చుకున్నాడంటూ, 50 వేలిస్తా, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. కేసు వేస్తే నిలుస్తుందా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆ సంతకం పెట్టకండి. ఒకవేళ ఇప్పటికే పెట్టేసినా కంగారు పడకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదని ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షనే చెబుతోంది.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట క్యాన్సర్ కాదు, ‘పని మానేశారు’ అన్నది. ఇంకెక్కడా అలా రాయకండి. ఆయన మానలేదు, జబ్బుతో వెళ్లలేకపోయారు. తేడా చిన్నదేం కాదు. జాబితాలోని పనిలో, ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు ఆపకుండా చేస్తూ జబ్బు పడితే అది పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది ఓనరు. పని వదిలేశాక జబ్బు వచ్చిందంటే మాత్రం రుజువు భారం మీ మీద పడుతుంది.

ఆ జాబితా మూడో షెడ్యూలులో ఉంది. అందులో బి భాగంలో ‘క్రోమియం, దాని విష సమ్మేళనాల వల్ల వచ్చే జబ్బులు’ అని ఉంది. క్యాన్సర్ అనే మాట అక్కడ విడిగా లేదని అవతలి వకీలు లేవదీస్తారు. ‘జబ్బులు’ అన్నాక క్యాన్సర్ జబ్బు కాదా?

ఇంకో ప్రశ్నకూ సిద్ధంగా ఉండండి. క్రోమియం మందుల షాపులో మాత్రల్లోనూ అమ్ముతారు కదా, విషమెలా అవుతుంది అంటారు. మాత్రల్లోది మూడు వేలెన్సీ క్రోమియం, కణంలోకి సులువుగా పోదు. ప్లేటింగ్ తొట్టిలోది ఆరు వేలెన్సీది. కరెంటు పెట్టగానే తొట్టిలో బుడగలు లేచి పగిలి, యాసిడ్ సన్నటి తుంపరై ముక్కులోకి పోతుంది. కణానికి అది తనకు కావలసిన సల్ఫేటులాగే కనిపిస్తుంది, ఆ దారినే లోపలికి రానిస్తుంది. లోపల విటమిన్ సి లాంటివి దాన్ని మూడు వేలెన్సీకి మారుస్తాయి. ఆ మార్పులోనే అది డీఎన్‌ఏకి అతుక్కుని, పోగులు తెంపుతుంది. మరమ్మతు సరిగా జరగని కణం తప్పులతోనే విభజన చెందుతూ పోతే ఏళ్ల తర్వాత గడ్డ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1990లోనే ఈ ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో చేర్చింది.

ఇక బీడీల సంగతి. మీ ఆయనను ముక్కు డాక్టరుకు చూపించండి. రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకు చిల్లు ఉందేమో చూడమనండి. క్రోమ్ తొట్ల దగ్గర ఏళ్లు నిలబడ్డవాళ్లకు అది పడుతుంది. నొప్పి ఉండకపోవచ్చు కాబట్టి చాలామందికి తెలియదు కూడా. ఉంటే చీటీ మీద రాయించుకోండి. బీడీ పొగ ఆ చిల్లు పెట్టదు. లేకపోయినా కేసు పోదు. బీడీ తాగేవాడికి పరిహారం లేదని చట్టంలో ఎక్కడా లేదు. జీతం చేతికిచ్చేవారు కాబట్టి కాగితం ఉండదు. తోటి పనివాళ్ల సాక్ష్యం, షెడ్డులో దిగిన ఫోటోలు, ఫోన్లోని మెసేజీలు దాచుకోండి.

ఆరుగురే కనుక ఈఎస్ఐ (కార్మికుల బీమా) వర్తించదు. ఉండి ఉంటే ఈ దారి మూసుకుపోయేది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చినా, మీది అంతకు ముందు సంగతి కాబట్టి పాత చట్టమే. ఆయన ఇక ఏ పనీ చేయలేరని డాక్టరు రాస్తే లెక్క ఇది: జీతం 15 వేలకు మించి లెక్కలోకి రాదు. అందులో 60 శాతం 9 వేలు. దాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి, 40 ఏళ్లకు అది 184.17. మొత్తం 16,57,530 రూపాయలు. సకాలంలో ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. దీని ముందు 50 వేలు పెట్టి చూడండి.

దరఖాస్తు కార్మిక శాఖలో కమిషనర్ అధికారం ఉన్న అధికారి దగ్గర వేయాలి. ఫీజు గురించి భయం వద్దు. దరఖాస్తుదారు మీ ఆయన కదా, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. గడువు రెండేళ్లు, అంటే 2027 జూన్ దాకా ఉంది. అయినా ఆగకండి. తొట్టి దగ్గర ఎలా నిలబడేవారో, మాస్కు ఇచ్చారో లేదో ఆయన నోటి వెంటే రావాలి. దరఖాస్తుతో పాటే ఆయన వాంగ్మూలం ముందుగా తీసుకోమని కూడా అడగండి.