గ్రూప్-1 కోసం ఉన్న ఉద్యోగం వదిలేయాలా?

ప్రశ్న: నేను 29 ఏళ్ల అమ్మాయిని. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. బీకాం తర్వాత డిప్యూటీ కలెక్టర్ కావాలన్న పట్టుదలతో హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదివాను. 2024లో గ్రూప్-1 మెయిన్స్ రాశాను కానీ పోస్టు రాలేదు. గ్రూప్-4లో ఎంపికై రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి ఏడాది దాటింది. రోజంతా ఫైళ్ల మధ్య కూర్చుంటే నా లక్ష్యం చేజారుతోందని భయం వేస్తోంది. నాతో చదివిన ఇద్దరు ఇప్పుడు ఆఫీసర్లు. రాజీనామా చేసి మళ్లీ చదువుకుంటానంటే నాన్న మండిపడుతున్నారు, పైగా సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయితే ఇక చదువు సాగదేమో. ఏం చేయమంటారు?

జవాబు: రాజీనామా చేయకండి. మీ నాన్నగారు చెప్పినందుకు కాదు. ఉద్యోగం వచ్చింది కాబట్టి ఇక ఆశలు చాలించమని ఆయన అంటున్నారు, అది నేను ఒప్పుకోను. ఉద్యోగం ఉంది కాబట్టే మీరు ఇంకొంత కాలం ధైర్యంగా ప్రయత్నించగలరని నా అభిప్రాయం.

గడిచిన కాలాన్ని ఒకసారి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, అక్టోబరులో మెయిన్స్. 2025 సెప్టెంబరులో ఆ ఫలితాలను హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కొట్టివేసింది. డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేశాకే ఎంపికైనవారికి నియామక పత్రాలు అందాయి. ఇందులో ఏ తేదీ అయినా అభ్యర్థి చేతిలో ఉందా? 2024 ఆగస్టులో అసెంబ్లీ సాక్షిగా ప్రకటించిన జాబ్ క్యాలెండర్ ప్రకారం ఆ అక్టోబరులోనే మరో గ్రూప్-1 నోటిఫికేషన్ రావాలి. ఎస్సీ వర్గీకరణ తేలేదాకా నోటిఫికేషన్లు ఆగిపోయాయి. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. హాస్టల్ అద్దె, మెస్ బిల్లు మాత్రం ఏ నెలా ఆగలేదు. ఇలాంటి పరీక్షలో చదవడం సగం పని, నిలబడి ఎదురుచూడటం మిగతా సగం. ఆ రెండో సగానికి జీతం కావాలి.

మరి ఎంతకాలం? 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు. ఇది వరమని చాలామంది అనుకుంటున్నారు, నాకు మాత్రం గుండె దడ పుట్టిస్తుంది. ప్రభుత్వం ఇచ్చింది దరఖాస్తుకు అర్హత. దాన్ని మీ గడువుగా తీసుకుంటే నలభై దాటాక కూడా 'ఈసారి వస్తుంది' అనుకుంటూ గడపాల్సి వస్తుంది. మీ గడువు మీరే పెట్టుకోండి. ఉత్త సంవత్సరాల్లో లెక్కిస్తే, నోటిఫికేషనే రాని ఏళ్లు కూడా అందులో కొట్టుకుపోతాయి. మరో రెండు మెయిన్స్, లేదా 35 ఏళ్లు నిండటం, ఏది ముందైతే అది. కాగితం మీద రాసి నాన్నగారికి చూపించండి. ఆయన కోపం వెనుక ఉన్నది చాలావరకు 'దీనికి అంతెక్కడ' అన్న బెంగ. అంతు కనిపిస్తే ఆయన స్వరం మారవచ్చు.

మీ లేఖలో ఒకటి లోపించింది. పోస్టు రాలేదన్నారు, మార్కులెన్నో రాయలేదు. ఆరు పేపర్లు, ఒక్కోటి 150 చొప్పున 900 మార్కులు. ఇవి కాక ఇంగ్లిష్ పేపర్ కేవలం అర్హత కోసం. ఇంటర్వ్యూను 2022లోనే తీసేశారు. అంటే ర్యాంకంతా మీరు రాసే జవాబుల్లోనే ఉంది. 'వచ్చింది, రాలేదు' అన్న లెక్క మనసును కుంగదీస్తుందే తప్ప దారి చూపదు. పేపర్ల వారీ మార్కులు ముందు పెట్టుకుని, అతి తక్కువ వచ్చిన రెండింటిని గుర్తించండి. కామర్స్ చదివినవారికి ఆర్థిక వ్యవస్థ పేపర్ కన్నా సైన్స్, డేటా విశ్లేషణ పేపర్ దగ్గర ఇబ్బంది ఎదురవడం సహజం. మీకు ఎక్కడ తగ్గిందో చూసుకోండి. ఇంకో మాట. అశోక్‌నగర్‌లో చదివేవాళ్లు వేలమంది, రాసేవాళ్లు తక్కువ. ఆఫీసు పదిన్నరకు కదా, తెల్లవారుజామున రెండు గంటలు దొరుకుతాయి. అందులో ఒక గంట రాయడానికే. ఆదివారం మూడు గంటలు కదలకుండా కూర్చుని పూర్తి పేపర్ రాసి, మెయిన్స్ గట్టెక్కినవారి చేత దిద్దించుకోండి. ఆఫీసర్లయిన ఆ ఇద్దరు స్నేహితులను అడగడానికి అభిమానం అడ్డొస్తుందని తెలుసు. అయినా అడగండి, వాళ్లకన్నా బాగా దిద్దేవారు మీకు దొరకరు.

గ్రూప్-2 కూడా రాయండి. సిలబస్‌లో చాలా భాగం ఒకటే, అందులో నాయబ్ తహసీల్దార్ పోస్టులూ ఉంటాయి. ఏ పరీక్షకు దరఖాస్తు చేసినా మీ కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేయండి, ధ్రువపత్రాల పరిశీలనలో నిరభ్యంతర పత్రం అడుగుతారు. సుదీర్ఘ సెలవు ఆలోచన ఉంటే ప్రొబేషన్ ముగిశాకే పెట్టుకోండి, ముందే పెడితే ప్రొబేషన్ ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. డిపార్ట్‌మెంటల్ పరీక్షలను చిన్నచూపు చూడకండి. అవి పాసైతేనే సీనియర్ అసిస్టెంట్, ఆ పైన నాయబ్ తహసీల్దార్ దారి తెరుచుకుంటుంది. అది నెమ్మదైన దారి, కలెక్టర్ ఛాంబర్ దాకా తీసుకెళ్తుందని నేను చెప్పను. కానీ గ్రూప్-1 రాకపోతే మీ చేతులు ఖాళీగా ఉండవు. అన్నట్టు, మీరు విసుక్కుంటున్న ఆ ఫైళ్లలోనే పాలన పేపర్‌కు కావలసిన ఉదాహరణలున్నాయి. ఒక పట్టా దరఖాస్తు ఏ బల్ల దగ్గర ఎందుకు ఆగుతుందో కోచింగ్ సెంటర్ నోట్సులో ఉండదు.

ఇక పెళ్లి. ఉద్యోగానికీ చదువుకీ ముడిపెట్టి దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయమని నేను అనను, తొందరపడమనీ అనను. మీకు చేసుకోవాలని ఉందా లేదా అన్నది మీ లేఖలో ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకోండి. ఉందంటే, సంబంధం చూడటానికి వచ్చినవారితో మీ గడువు కాగితంలోని మాట పెద్దల ద్వారా కాక మీరే నేరుగా అబ్బాయితో చెప్పండి: ఇంకా రెండు మెయిన్స్ రాస్తాను, ఉదయం రెండు గంటలు నావి, పరీక్షల ముందు కొన్ని వారాలు వంటిల్లు నా బాధ్యత కాదు. 'చూద్దాంలే' అన్నారంటే కాదన్నట్టే లెక్కవేసుకోండి. సరేనన్నవారిని 'ఆ వారాల్లో వంట ఎవరు చేస్తారు?' అని అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే మీ నాన్నగారికి ఆ సంగతి చెప్పి, ఇంకో సంబంధం చూడమనండి.