కెటిల్ అడుగున తెల్ల పెచ్చు

ప్రశ్న: బోరు నీళ్లు కాచే కరెంటు కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడుతోంది. గీకినా పోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: గీకొద్దమ్మా, స్టీలు మీద గీతలు పడతాయి. అది సున్నం, పులుపుకే లొంగుతుంది. సగం కెటిల్ నీళ్లు కాచి, స్విచ్ ఆపి, మరుగు తగ్గాక లీటరుకు రెండు చెంచాల లెక్కన నిమ్మ ఉప్పు కొద్దికొద్దిగా వేయండి. ఒక్కసారే కుమ్మరిస్తే నురగ పొంగి కింద కనెక్షన్‌లోకి కారుతుంది. అరగంటయ్యాక పారబోసి, రెండుసార్లు తొలిచి, ఉత్త నీళ్లు ఒకసారి కాచి పారబోయండి. మందంగా ఉంటే మళ్లీ చేయాల్సిందే. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ వాసన ఓ పట్టాన వదలదు.

అన్నట్టు, మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. కాచితే అది పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి ఆర్వో నీళ్లే వాడండి.