టెక్ సందేహాలు: లైటు సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: నా లాప్‌టాప్ కీబోర్డు లైటు కాసేపటికే ఆరిపోతోంది. ఏదైనా కీ నొక్కితే మళ్లీ వెలుగుతుంది. హాస్టల్ గదిలో లైట్లు తీసేశాక చదువుకోవడం కష్టంగా ఉంది. వీడియోలు చూసి డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేశాను. విండోస్ కూడా మళ్లీ వేశాను. తగ్గలేదు. కీబోర్డు మార్చాలంటారా?
- ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

అమ్మా, విండోస్ మళ్లీ వేయకముందే ఈ ప్రశ్న పంపి ఉంటే మీకు ఒక ఆదివారం మిగిలేది. ఎలుక మీద కోపానికి ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. మీ కీబోర్డుకు ఏ జబ్బూ లేదు. కీ నొక్కగానే వెలుగుతోందంటేనే లైటు, దాని వైరు, దాన్ని నడిపే చిప్పు అన్నీ బాగున్నాయని అర్థం. ఎంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే లైటు ఆర్పాలో చూసుకునే టైమర్ ఒకటి లోపల ఉంటుంది. దాని పని అది చేస్తోంది, అంతే.

ఆ టైమర్ ఎక్కడ దాక్కుందన్నదే చిక్కు. చాలా లాప్‌టాప్‌లలో కీబోర్డు లైటు విండోస్ చేతిలో ఉండదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. ఫ్యాను తిప్పడం, ఛార్జింగ్ చూసుకోవడం, ఈ లైటు వెలిగించడం, ఆర్పడం దాని డ్యూటీ. అందుకే విండోస్‌ని వందసార్లు చెరిపి వేసినా టైమర్ కదలదు. లాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ నొక్కి (కంపెనీని బట్టి మారుతుంది) బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే వచ్చే, లాప్‌టాప్ సొంత సెట్టింగుల తెర) వెళ్లండి. కీబోర్డు బ్యాక్‌లైట్ టైమౌట్ అని కనిపిస్తుంది. కొన్నింటిలో ఛార్జర్ పెట్టినప్పుడు ఒకటి, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఒకటి, రెండు విడివిడిగా ఉంటాయి. ఒకటి మార్చి రెండోది మరిచిపోయి, ‘మీరు చెప్పింది పనిచేయలేదు’ అని నాకు మళ్లీ మెయిల్ పెట్టేవాళ్లు చాలామంది. 5 సెకన్ల నుంచి ‘నెవర్’ వరకు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. బయోస్‌లో కనబడకపోతే ఆ కంపెనీ సొంత యాప్‌లో వెతకండి.

సెట్టింగ్ మార్చినా ఆరిపోతుంటే రెండు అనుమానాలు. ఒకటి బ్యాటరీ సేవర్. ఛార్జింగ్ తగ్గగానే అది ఆన్ అయి, కొన్ని లాప్‌టాప్‌లలో మొదట కోత పెట్టేది ఈ లైటుకే. రెండోది సెన్సర్. గదిలో వెలుతురు ఎంతుందో కొలిచే సెన్సర్ కొన్ని మోడళ్లలో కెమెరా పక్కనే ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే ‘వెలుతురు ఉందిగా’ అని అది కీబోర్డు లైటు ఆర్పేస్తుంది. దీనికి తలకిందులు కేసు మా ఇంట్లోనే చూశాను. ఎవరో చూస్తారన్న భయంతో కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించారు. అది కాస్త పెద్దది కావడంతో సెన్సర్ కూడా మూసుకుపోయింది. పట్టపగలు కీబోర్డు వెలుగుతూ, స్క్రీన్ మాత్రం మసకబారిపోయి ఉండేది. బిళ్ల సైజు తగ్గిస్తే రెండూ సర్దుకున్నాయి.

ఇంత చిన్న విషయాన్ని బయోస్‌లో పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఆయన చీకట్లో ఎప్పుడూ టైప్ చేసి ఉండడు. స్క్రీన్ ఎంతసేపటికి ఆరాలో సెట్టింగ్స్‌లో ఉంటుంది. కీబోర్డు లైటు ఎంతసేపటికి ఆరాలో కూడా దాని పక్కనే ఉంటే ఏం పోయింది? బ్యాటరీ ఇన్ని గంటలు వస్తుందని డబ్బా మీద గొప్పగా వేసుకోవాలి కాబట్టి టైమర్‌ని కుదించి పంపిస్తారు. మార్చుకునే దారి మాత్రం మెకానిక్‌లకు తప్ప తెలియని చోట పెడతారు.

సరే, బయోస్‌లోకి వెళ్లమన్నాను కదా. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. టైమర్ ఒక్కటి మార్చి బయటికి వస్తే సాధారణంగా ఏమీ కాదు. కానీ అక్కడిదాకా వెళ్లినవాళ్లు ఊరుకోరు. ‘బయోస్ అప్‌డేట్ చేస్తే లైటు బాగవుతుంది’ అని ఏ వీడియోలోనో చూసి ఉంటారు. అదీ నొక్కుతారు. లేదా సెక్యూర్ బూట్ అన్నది ఏమిటో తెలియకపోయినా దాన్ని ఆఫ్ చేస్తారు. తర్వాత లాప్‌టాప్ ఆన్ చేస్తే నీలం తెర మీద ఒకటే మాట: 48 అంకెల రికవరీ కీ కొట్టండి.

మీరు విండోస్ మళ్లీ వేశానన్నారు కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, డిస్కుకు తాళం దానంతటదే పడిపోతుంది. తాళం మంచిదే. బస్సులో లాప్‌టాప్ పోతే దొంగ చేతికి ఇనుము దక్కుతుంది గానీ మీ ఫైళ్లు దక్కవు. కానీ ఆ తాళంచెవి, అంటే ఆ 48 అంకెలు, మీరు ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యారో ఆ ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ ఖాతా మీదేనా?

నవ్వకండి. మా బావమరిది కూతురి లాప్‌టాప్‌కు పోయిన వేసవిలో ఇదే జరిగింది. బయోస్ అప్‌డేట్ నొక్కింది, నీలం తెర వచ్చింది. కీ కోసం వెతికితే తేలిందేమిటంటే, కొన్నరోజు షాపు కుర్రాడు ‘మీరు కూర్చోండి మేడమ్, అంతా రెడీ చేసి ఇస్తాను’ అని అప్పటికప్పుడు ఏదో ఒక మెయిల్ సృష్టించి సెటప్ పూర్తి చేశాడు. ఆమెకు ఇచ్చింది నాలుగంకెల పిన్ ఒక్కటే. రెండేళ్లు ఆ పిన్‌తోనే నడిచింది. మేం వెళ్లేసరికి ఆ కుర్రాడు పని మానేశాడు. ఆ మెయిల్ ఏమిటో, పాస్‌వర్డ్ ఏమిటో షాపులో ఎవరికీ తెలియదు. ఫైనలియర్ ప్రాజెక్టు అందులోనే ఉంది. చివరికి డిస్కు మొత్తం చెరిపి మళ్లీ విండోస్ వేశాం. ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు.

2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు చూశాం. ఆ రోజు మరమ్మతు తెలిసినవాళ్లను కూడా ఏడిపించింది ఈ 48 అంకెలే. తప్పుడు ఫైలు తీసేయడం నిమిషాల పని. తాళం తీయడానికి ఏ మెషీన్ కీ ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పని.

షాపు కుర్రాడు పాస్‌వర్డ్ మరిచిపోవడం ఒక రకం నష్టం. గుర్తుపెట్టుకుంటే? నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది అది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి (మైక్రోసాఫ్ట్ ఖాతాతో వచ్చే ఆన్‌లైన్ బీరువా) బ్యాకప్ అయ్యే ఏర్పాటు చాలా లాప్‌టాప్‌లలో మనం గమనించకుండానే ఆన్ అయి ఉంటుంది. మీరు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఆధార్ స్కాన్, మార్కుల మెమోలు, ఇంటి ఫొటోలు ఆ పరాయి ఖాతాలోకి వెళ్తుంటాయి. ఆ పాస్‌వర్డ్ ఉన్నవాడు ఎక్కడ కూర్చునైనా చూడొచ్చు. కెమెరాకి బొట్టుబిళ్ల అంటించినవాళ్లు కూడా ఈ సంగతి పట్టించుకోరు. షాపువాళ్లందరూ దొంగలని నేననడం లేదు. చాలామంది కస్టమర్ తొందర పెడితే పని కానిచ్చేస్తారు, అంతే. కానీ మీ బీరువా తాళం వడ్రంగి దగ్గర ఉంచుకుంటారా?

ఇప్పుడే చూడండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యువర్ ఇన్ఫో. అక్కడున్న మెయిల్ మీది కాకపోతే తొందరపడి తీసేయకండి. ముందు వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లు నిజంగా మీ డిస్కులోకి దిగాయో లేదో చూసుకోండి. కొన్నింటికి పేరు మాత్రమే ఇక్కడుంటుంది, సరుకు అక్కడుంటుంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఆ తర్వాత పాత ఖాతా నుంచి వన్‌డ్రైవ్ విడదీసి, సొంత మెయిల్‌తో లాగిన్ అవ్వండి. చివరగా డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే ఆ డిస్కు తాళం, ఒకసారి ఆఫ్ చేసి, పూర్తిగా అయ్యేదాకా ఆగి, మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు కొత్త కీ పుట్టి మీ ఖాతాలోకి చేరుతుంది. పాత కీ చెల్లదు. ఆ 48 అంకెలు కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. ఫొటో తీసి అదే లాప్‌టాప్‌లో దాచుకున్న మహానుభావులు కూడా ఉన్నారు.

బయోస్ అప్‌డేట్ తప్పదనుకుంటే ముందు ఈ డిస్కు తాళాన్ని తాత్కాలికంగా ఆపాలి, ఛార్జర్ పెట్టి ఉంచాలి. మధ్యలో కరెంటు, బ్యాటరీ రెండూ పోతే లాప్‌టాప్ లేవకపోవచ్చు. లైటు కోసమైతే ఆ అప్‌డేట్ అవసరమే లేదు.

ప్రశ్న: కొత్తగా లైట్లున్న యూఎస్‌బీ కీబోర్డు కొన్నాను. రెండు బాధలు. ఎక్సెల్‌లో బాణం గుర్తు కీలు నొక్కితే సెల్ మారకుండా షీటు మొత్తం జరుగుతోంది. పైగా ఆఫీసులో లినక్స్ ఉన్న సిస్టమ్‌కు పెడితే క్యాప్స్ లాక్ నొక్కగానే లైటు ఆరిపోతోంది. వైరస్సా?
- అకౌంటెంట్, నిజామాబాద్

వైరస్ కాదండీ, పిసినారితనం. చవక కీబోర్డులు కొన్నింటిలో లైటుకు ప్రత్యేకంగా స్విచ్చు పెట్టరు. ఎవరూ వాడరు కదా అని స్క్రోల్ లాక్ కీకి తగిలిస్తారు. లైటు వెలిగించారంటే స్క్రోల్ లాక్ కూడా ఆన్ చేశారన్నమాట. స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉంటే బాణం కీలతో షీటునే జరపడం ఎక్సెల్‌కు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇక లినక్స్‌లో క్యాప్స్ లాక్ నొక్కినప్పుడు మూడు లాక్ దీపాల పరిస్థితినీ సిస్టమ్ మళ్లీ కీబోర్డుకు పంపుతుంది. దాని లెక్కలో స్క్రోల్ లాక్ ఆఫ్. లైటు ఆరుతుంది. వెలుగు కావాలా, ఎక్సెల్ కావాలా తేల్చుకోండి. రెండూ కావాలంటే లైటుకు వేరే బటన్ ఉన్న కీబోర్డు కొనడమే దారి.

ప్రశ్న: నా గేమింగ్ కీబోర్డు రంగులు విండోస్ అప్‌డేట్ తర్వాత నా మాట వినడం లేదు. ఒక్కోసారి మొత్తం ఆరిపోతాయి.
- హైదరాబాద్

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్ కింద డైనమిక్ లైటింగ్ అని ఉంటుంది. 2023 చివర్లో విండోస్ 11కి వచ్చింది. అదీ, మీ కీబోర్డు కంపెనీ యాప్ రెండూ ఒకే దీపం కోసం కొట్టుకుంటున్నాయి. ఒకదాన్ని ఆపండి. అయినా ఆరిపోతుంటే, యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టును నాలుగు చేసే డబ్బా) వాడుతున్నట్లయితే అది తీసేసి నేరుగా పోర్టుకు పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. సొంత కరెంటు లేని హబ్‌కు మౌసు, పెన్‌డ్రైవ్, ఫోన్ కేబుల్ అన్నీ తగిలిస్తే కీబోర్డుకు మిగిలేది తక్కువే.

ప్రశ్న: తెలుగు టైపింగ్ కోసం కీల మీద ఇన్‌స్క్రిప్ట్ స్టిక్కర్లు అంటించాను. అప్పటినుంచి కీబోర్డు లైటు రావడం లేదు.
- పంచాయతీ కార్యదర్శి, ప్రకాశం జిల్లా

లైటు వస్తోందండీ, మీ స్టిక్కర్ల కింద. మందపాటి నల్ల స్టిక్కర్లు అంటిస్తే వెలుగు బయటికి ఎలా వస్తుంది? వెనక భాగం పారదర్శకంగా ఉండేవి దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్ అమరికను ప్రభుత్వం 1986లోనే ఖరారు చేసింది. అయినా మన ఊళ్లో అమ్మే లాప్‌టాప్ కీల మీద తెలుగు అక్షరాలు అచ్చయి రావడం నేనింతవరకు చూడలేదు. కోటి రంగుల లైట్లు పెట్టగలిగినవాళ్లు కీకి ఒక మూల ‘క’ అని వేయలేకపోయారు.

అసలు స్టిక్కర్లు లేకుండా కూడా ప్రయత్నించండి. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. ఎఫ్ మీద, జే మీద వేలికి తగిలే చిన్న గీతలు ఉన్నాయి చూడండి. ఎడమ గీత మీద గుడి, కుడి గీత మీద ‘ర’. రెండూ కలిస్తే ‘రి’. అక్కణ్నుంచి మొదలుపెట్టండి, కరెంటు పోయినా టైపింగ్ ఆగదు.